సాంచె గొంతు

మా ఇంట్లో మాట్లాడటం అనేది లేదు, అరవడమే. "అన్నం పెట్టాల్నా?" అని అమ్మ అడిగితే గల్లీ చివర చాయ్ బండి దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా మా ఇంట్లో వంటయిందని తెలిసిపోయేది. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మా ఇంట్లో రోజూ కొట్లాట జరుగుతోందనుకుని మొదట్లో జాలిపడేవాళ్లు. కొన్నాళ్లకు అలవాటు పడేవాళ్లు, ఆ తర్వాత వాళ్లూ అరిచేవాళ్లు. సూరత్ గోడాదరాలో మా గల్లీ అంతా అదే తంతు.

దీనికంతటికీ కారణం సాంచెలు. కరెంటు మగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. బాపు పెళ్లికాకముందే సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చి, ఉధ్నాలో సాంచెల మీద నిలబడ్డాడు. ఒక రేకుల షెడ్డులో అన్ని సాంచెలూ ఒక్కసారి ధడధడమంటుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని లోపల ఎవరూ నోటితో మాట్లాడరు, చేతులతో మాట్లాడుకుంటారు. రెండు పిడికిళ్లు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే భీము, అంటే పడుగు నూలు చుట్టిన పెద్ద రోలరు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే తెగిందని. మీసం మెలేస్తే మేస్త్రీని పిలవమని. చిన్నప్పుడు బాపుకు అన్నం డబ్బా తీసుకెళ్లి గడప దగ్గర నిలబడితే, ఆయన అవతలి మూల నుంచి "నువ్వు తిన్నవా?" అని చేత్తో అడిగేవాడు. నేనూ చేత్తోనే జవాబిచ్చేదాన్ని. అదొక విద్య అని మాలో ఎవరమూ అనుకోలేదు. బాపు బయటికొచ్చేసరికి చెవులు సగం మొద్దుబారి ఉండేవి. ఆయనకు వినపడాలని అమ్మ గొంతు పెంచింది, అమ్మ మీద నేను పెంచాను. మనిషి గొంతంటే ఇంతే కాబోలనుకుంటూ పెరిగాను.

బి.ఫార్మసీ అయ్యాక ఉధ్నాలోనే ఒక మెడికల్ షాపులో చేరాను. యజమాని గుజరాతీ పెద్దాయన, అందరికీ శేఠ్. దుకాణం పక్కగోడ అవతల సాంచెల షెడ్డు. కొనేవాళ్లూ సాంచెలవాళ్లే. నా గొంతు అక్కడ నాకు పెద్ద ఆస్తి. శేఠ్ మాత్రం నా పక్కన కూర్చున్నప్పుడల్లా చెవిలో దూది పెట్టుకునేవాడు. "ధీమే బోల్, బేటా, ధీమే" అని రోజూ వేడుకునేవాడు. నెమ్మదిగా మాట్లాడమని అడిగే హక్కు ఆయనకుందని నాకు తెలుసు, కానీ ఎలా మాట్లాడాలో తెలిస్తే కదా.

డాక్టరు చీటీ చదవడం, అరలోంచి తీయడం, కవర్లో వేసి ఇవ్వడం. ఇదే పని. ఎవరైనా "ఇది దేనికక్కా?" అంటే "డాక్టర్ రాసిండు, వేస్కో" అనేదాన్ని. ఒకరోజు నా మీద నాకే చిర్రెత్తింది. కిరాణా కొట్లో కందిపప్పు పొట్లం కట్టేవాడికీ నాకూ తేడా ఏముంది? నాలుగేళ్లు చదివింది పొట్లాలు కట్టడానికా? అప్పుడే నది అవతల ఒక కాలేజీలో, ఉద్యోగం చేసుకునే ఫార్మసిస్టుల కోసం సాయంత్రం పూట మాస్టర్స్ క్లాసులు పెడుతున్నారని తెలిసింది. ఏ మందు ఎందుకిస్తారు, దేనితో కలిస్తే ప్రమాదం, రోగికి ఎలా విడమరచి చెప్పాలి, ఇవన్నీ నేర్పే చదువు. మొదటి ఏడాది పాసైతే రెండో ఏడాది పెద్దాసుపత్రి వార్డుల్లో డాక్టర్లతో పాటు తిరగనిస్తారట. అది వినగానే నాకు ఆగబుద్ధి కాలేదు.

శేఠ్ తల గోక్కున్నాడు. సాయంత్రాలు దుకాణం ఎవరు చూస్తారని ఆయన బాధ. చివరికి హిందీలో తేల్చి చెప్పాడు. "ఏక్ సాల్. ఒక్క ఏడాది సర్దుకుంటా. ఫెయిలైతే చదువు బంద్, దుకాణం చాలూ." నేను సరేనన్నాను. ఫెయిలవుతానని కలలో కూడా అనుకోలేదు, అంత పొగరు నాకు.

క్లాసుల్లో కుదురుకున్నాననుకునేసరికి కరోనా వచ్చి పడింది. కాలేజీ మూసి క్లాసులన్నీ ఫోన్లోకి తెచ్చారు. మెడికల్ షాపులు మూయకూడదు కాబట్టి నా తరగతి గది కౌంటరే అయింది. ఓఆర్ఎస్ డబ్బాకు ఫోను ఆనించి, ఒక చెవిలో గుండె జబ్బుల పాఠం, ఇంకో చెవిలో "అక్కా, గ్యాస్ గోలీ ఇయ్యరాదు" అనే గిరాకీ. మైకు ఆపడం మర్చిపోయిన రోజు మా బ్యాచ్ మొత్తం, అందరూ ఉద్యోగస్తులే పాపం, నేను ఒకాయనతో గొడవపడటం విన్నారు. "మాస్క్ గదుమకు కాదన్నా, ముక్కుకు! ముక్కు ఎక్కడుందో ఎరుకనా?" ఆ తర్వాత నెలరోజులు క్లాసులో నన్ను చూస్తే అందరూ ముక్కు పట్టుకుని చూపించేవాళ్లు.

మాకు కౌన్సెలింగ్ చెప్పే మేడమ్ ఉండేది. రోగితో ఎలా మాట్లాడాలో నేర్పే పాఠం అది. ఆమెది పాలమీగడ లాంటి గొంతు, హిందీలో గుజరాతీ సాగదీత. ఆమె ఒక మాట పదేపదే చెప్పేది: రోగి విషయం రోగిదే. మీరు చెప్పేది ఆయనకు పూర్తిగా అర్థం కావాలి, వెనక వరసలో ఉన్నవాడికి ఒక్క ముక్క తెలియకూడదు. ఈ రెండూ కుదరకపోతే మిగతా మార్కులెన్ని వచ్చినా ఆ ప్రాక్టికల్ పోయినట్టే. నేను శ్రద్ధగా తలూపాను. నాలో ఉన్న లోపం నాకు కనపడలేదు, ఎందుకంటే మా గల్లీలో అందరికీ అదే లోపం.

అది బయటపడింది సాంచెలు ఆగినప్పుడు. లాక్‌డౌన్‌లో ఉధ్నా షెడ్లే కాదు, మా గల్లీ వెనక షెడ్లూ మూసేశారు. పుట్టి బుద్ధెరిగాక ఉధ్నాలో నేను నిశ్శబ్దం వినడం అదే మొదటిసారి. బాపుకైతే ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టేది కాదు. "ఏందో చెవులల్ల ఎవలో దూది కుక్కినట్టున్నది" అనేవాడు. సాంచెలైతే ఆగాయి కానీ, మావాళ్ల గొంతులు దిగలేదు. ఎవరికీ దించాలని తట్టలేదు. ఇన్నేళ్లూ ఆ ధడధడ కింద దాగిన ఇంటింటి గుట్టూ ఒక్క వారంలో రోడ్డున పడింది. పక్కింటి మామయ్యకు బట్టతల మీద జుట్టు మొలిచే నూనె ఎక్కడ దొరికిందో, ఎదురింటి అత్త ఊళ్లో ఉన్న ఆడబిడ్డ గురించి ఏమనుకుంటుందో అందరికీ తెలిసింది. మా అమ్మ ఆ అత్తను బియ్యం కడుగుతూ అన్న మాటలు ఆమెకు చేరి, రెండు రోజులు మాకు పెరుగు తోడు కూడా పుట్టలేదు.

సరిగ్గా ఆ నిశ్శబ్దంలోనే నా ప్రాక్టికల్ వచ్చింది. ఆసుపత్రికి విద్యార్థులను రానివ్వడం లేదు కాబట్టి, ఎవరి కౌంటర్ దగ్గర వాళ్లే, నిజమైన రోగి ఒప్పుకుంటే, పేరూ మొహమూ చూపించకుండా, ఫోన్లో చేసి చూపించాలన్నారు. వరస మామూలుగానే ఉండాలి, దాన్ని ఆపకూడదు. దుకాణం ముందు సుద్దముక్కతో గీసిన గుండ్రాల్లో జనం నిలబడి ఉన్నారు. ముందున్నవాడు పెళ్లి కుదిరిన కుర్రాడు, మా దిక్కువాడే. గజ్జల్లో తామరకు డాక్టరు పూతమందు రాశాడు. పరీక్షకు ఒప్పుకున్నాడు పాపం. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"చూడు తమ్మీ, ఇది గజ్జలకే రాయాలె, మొకానికి గిట్ల రాసేవ్! లోపలి బట్టలు రోజు మార్వాలె! తగ్గింది గదా అని నడుమల బంద్ చేస్తే మల్ల లేస్తది, సమజైందా?"

నా లెక్కలో అది గుసగుస. సాంచెలు నడిచే రోజైతే గుసగుసే అయ్యుండేది. ఆ నిశ్శబ్దంలో అది దండోరా అయింది. చివరి గుండ్రంలో ఉన్నాయన "లగ్గం దాక తగ్గుతది తియ్ తమ్మీ, రంది వెట్టుకోకు" అని ధైర్యం చెప్పాడు. ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ నవ్వాపుకోలేక కూలబడింది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. పూతమందు కౌంటర్ మీదే వదిలేసి ఒకటే పరుగు.

ఆ పూతమందు బాపు చేత పంపిద్దామంటే అమ్మ అడ్డం పడింది. "మీ బాపా? గడపల నిలవడి, గిది దేనికి రాయాల్నో ఒర్రి మరీ ఇస్తడు!" నేనే వెళ్లి ఆ కుర్రాడి తలుపు కొక్కేనికి సంచీ తగిలించి, చప్పుడు చేయకుండా వచ్చేశాను.

మేడమ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వు చెప్పిన విషయంలో ఒక్క తప్పు లేదు బేటా," అంది. "కానీ నీ రోగి మందు తీసుకోకుండా వెళ్లిపోయాడు. ఇక నేనేం మార్కులు వేయను? ఏడాది చివర ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే మొదటి ఏడాది మళ్లీ చదవాలి." మళ్లీ చదవడమంటే శేఠ్ లెక్కలో బంద్. ఆ రాత్రి అన్నం సయించలేదు, ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూడా గట్టిగానే వచ్చింది, గల్లీ అంతా పలకరించడానికి వచ్చారు.

అప్పటి నుంచి ఇంట్లో గొంతు తగ్గించే సాధన మొదలైంది. బాపు రోగి, నేను ఫార్మసిస్టు, అమ్మ వెనక వరసలో మనిషి.

"బాపూ, ఈ గోలీ పరిగడుపున వేస్కోవాలె," అన్నాను మెల్లగా.

"ఆఁ?"

"పరిగడుపున."

"బర్రె గడపనా? మనకు బర్రె యాడిది?"

"గట్టిగ చెప్పరాదె, ఆయనకేం ఇనవడ్తది!" అని వెనక వరసలో మనిషి అరిచింది.

నెలలు గడిచాయి. ఊళ్లకు పోయినవాళ్లు తిరిగొచ్చారు, సాంచెలు మళ్లీ మొదలయ్యాయి. బాపుకు నిద్ర పట్టింది, నాకు పోయింది. కౌంటర్‌కు అడ్డంగా ప్లాస్టిక్ తెర, నా నోటికి మాస్కు, వాళ్ల నోటికి మాస్కు, గోడ అవతల ధడధడ. నేను మెల్లగా చెబితే ఎదురుగా ఉన్నవాడికే వినపడదు. గట్టిగా చెబితే వరసంతా వింటుంది. మధ్యలో ఎక్కడో ఒక గొంతు ఉండాలి, అది నాకు దొరకలేదు. కాగితం మీద రాసిద్దామంటే మావాళ్లలో సగం మందికి చదువు రాదు, మిగతా సగం నా రాత చదవలేరు. చివరికి ఒక ఉపాయం చేశాను. మధ్యాహ్నం అన్నం వేళకు పక్క షెడ్డు కాసేపు ఆగుతుంది. పరీక్ష ఆ వేళకే పెట్టమని మేడమ్‌ను బతిమాలాను. నిశ్శబ్దంలో, నోరు అదుపులో పెట్టుకుని, తెర దగ్గరికి వంగి మాట్లాడితే గట్టెక్కుతానని నా ఆశ.

పరీక్షకు ముందురోజు ఒక మామ వచ్చాడు. సొంత మామ కాదు, బాపు పక్క సాంచె మీద పనిచేసే మనిషి, బాపుకు ప్రాణస్నేహితుడు. పెళ్లాం పిల్లలు ఊళ్లో ఉంటే, ఇక్కడ తోటి పనివాళ్లతో కలిసి ఒక గదిలో ఉండేవాడు. మెడ దగ్గర బిళ్ల కట్టింది. పరీక్షలన్నీ చేసి డాక్టరు చీటీ రాశాడు. చీటీ చూడగానే నాకు అర్థమైంది. గడ్డకు వచ్చిన టీబీ. ఊపిరితిత్తులది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, ఆర్నెల్లు మందులు వాడితే పోతుంది. కానీ కరోనా రోజులవి. దగ్గితేనే మనిషిని గదిలోంచి వెళ్లగొడుతున్న రోజుల్లో టీబీ అనే మాట బయటికొస్తే, అంటదని ఎవరు వింటారు?

"ఎవలకు చెప్పకు బిడ్డా!" అని గుసగుసగా అన్నాడు మామ. ఆయనదీ సాంచె గొంతే కదా, ఆ గుసగుసకు లోపల నిద్రపోతున్న శేఠ్ లేచి కూర్చున్నాడు. "మీ బాపుకు గూడ చెప్పకు. ఆయన మంచోడే, గని ఆయనకు చెప్తే మైకుల చెప్పినట్టే."

శేఠ్ మందులు మర్నాటికి తెప్పిస్తానన్నాడు. నేను మామను పరీక్షకు అడిగాను. చూసేవాళ్లిద్దరూ మా చదువువాళ్లేనని, పేరూ మొహమూ రావని విడమరచి చెప్పాను. కాసేపు మెడ తడుముకున్నాడు. "నీ చదువు ఆగమైతే మీ బాపు మొకం నేనెట్ల జూడాలె? అస్త. గని రోగం పేరు నీ నోట్లెకెళ్లి రావద్దు. అచ్చిందా, నేను గూడ అగో ఆ పెండ్లిపిలగాని లెక్కనే ఉరుకుడు!" ఆ కుర్రాడి కథ ఊరంతా పాకిందని అప్పుడు తెలిసింది.

మర్నాడు షెడ్డు ఆగింది. ఫోను పక్కగా నిలబెట్టాను, నేనూ, మామ చేతులూ కనపడేలా. ఫోన్లో మేడమ్, ఇంకో కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు సారు. మామ వెనకాల వరస పెద్దదే. నేను నమస్కారం పెట్టానో లేదో, మేడమ్ మొహం నోరు తెరిచినట్టే బిగుసుకుపోయింది. నెట్టు పోయింది. మళ్లీ కలిపాను, సారు పోయాడు. సారు వచ్చేసరికి మళ్లీ మేడమ్ పోయింది. ఇద్దరూ కుదురుకుని "శురూ కరో" అనేసరికి అన్నం వేళ కాస్తా అయిపోయింది. నేను తెర దగ్గరికి వంగి, మాస్కులోంచి, నా జీవితంలోకెల్లా మెత్తని గొంతుతో "మామా, ఈ మందులు" అన్నాను.

ధడ్. ధడ్ ధడ్. ధడధడధడధడ.

గోడ వణికింది. ఆర్నెల్ల సాధన, శేఠ్ గడువు, ఆసుపత్రి వార్డు, అన్నీ ఆ చప్పుడులో కొట్టుకుపోయినట్టే అనిపించింది. అరిస్తే మామ పరిగెడతాడు. అరవకపోతే ఆయనకు వినపడదు. మామ వైపు చూశాను.

మామ మాత్రం ఏమీ కంగారు పడలేదు. సాంచెలు మొదలయ్యాయి, అంతే కదా. అలవాటుగా అరచెయ్యి తిప్పి "ఏంది?" అన్నాడు.

నా చెయ్యి దానంతట అదే లేచింది. పొట్ట మీద అరచెయ్యి పెట్టి ఖాళీ అన్నట్టు ఊపాను. నుదుటి పక్కన వేళ్లు విప్పాను, పొద్దటి షిఫ్టుకు మావాళ్ల సైగ అది. గోలీలు చూపించి, అన్నీ ఒక్కసారే అన్నాను. బొటనవేలు నోటి వైపు వంచి చాయ్ అన్నాను, ముందు కాదు తర్వాత అన్నాను. మామ తలూపాడు. ఆ తర్వాత అసలు సంగతి. రెండు పిడికిళ్లూ తిప్పి భీము చూపించాను. వేళ్లతో కత్తెర ఆడించి, వద్దని చెయ్యి ఊపాను. భీము అయిపోయేదాకా నడుమ కోయొద్దు. నమ్మకం కుదరక ఇంకోసారి చేశాను. మామ కళ్లు చిన్నవై, మెల్లగా పెద్దవయ్యాయి. ఆరు వేళ్లు చూపించి, ఆర్నెల్లా అన్నట్టు భీము తిప్పాడు. అవునన్నాను.

ఆ మందులతో ఒంటికి పోయినప్పుడు మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తమనుకుని హడలిపోయి మందు మానేస్తారు. నుదుటి మీద బొట్టు దగ్గర వేలు పెట్టాను, అది ఎరుపుకు సైగ. చిటికెన వేలు మాత్రం కౌంటర్ మీద నిలబెట్టిన పలక వెనక, ఆయనకూ ఫోనుకూ తప్ప ఎవరికీ కనపడకుండా చూపించాను. గుండె మీద చెయ్యి వేసి, భయపడకు అన్నాను. మామ మాస్కు కింద నవ్వుతున్నాడని భుజాలు చెప్పాయి. కళ్లు చూపించి, పసుపు రాసుకున్నట్టు చెంప రుద్ది, అలా పచ్చబడితే మాత్రం పరుగెత్తుకు రా అన్నాను. మేస్త్రీ దగ్గరికా అని ఆయన మాస్కు మీదే మీసం మెలేశాడు. కాదు, అని చెవుల నుంచి గుండె దాకా డాక్టరు గొట్టం గీసి చూపించాను. చివరగా సీసా ఎత్తినట్టు చేసి, బంద్ అన్నాను. మామ రెండు వేళ్ల మధ్య ఇంత సందు చూపించి, జెరంత అని బతిమాలాడు. నేను కళ్లురిమాను. నెత్తి కొట్టుకున్నాడు.

ఆ ఒక్కటీ వరసలో అందరికీ అర్థమై గొల్లుమన్నారు. చెప్పింది తిరిగి చెప్పమని సైగ చేస్తే, మామ మొదటి నుంచి చివరిదాకా చేతులతో అప్పజెప్పాడు, చిటికెన వేలుతో సహా, అదీ పలక వెనకే. మందుల సంచీ చంకన పెట్టుకుని తిరిగాడు. వెనకవాడు ఆయన చెవిలో అరిచాడు.

"ఏంది మామా, ఎర్ర పోగు అంటున్నరు, భీము అంటున్నరు, మీ సాంచెల శేఠ్ చీరల ఆర్డర్ గిట్ల వట్టిండా?"

"పట్టిండు, పట్టిండు! పెద్ద ఆర్డర్!" అన్నాడు మామ దర్జాగా. "ఆర్నెల్ల పని!"

ఫోన్లో సారు మొహం మాడ్చుకుని ఉన్నాడు. ఫోను పట్టుకుని లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంటే ఆయన మాట వినపడింది. "ఇది కౌన్సెలింగా, గర్బా డాన్సా? నాకొక్క ముక్క వినపడలేదు. దేనికి మార్కులు వేయాలి?" నేను ఒక్కో సైగకూ అర్థం చెప్పుకొచ్చాను. మేడమ్ అన్నీ రాసుకుంది. తర్వాత తన పాలమీగడ గొంతుతో అంది, "వారం తర్వాత ఆయన్ను మళ్లీ చూపించు. మందు సరిగ్గా వేసుకుంటుంటే, భయపడి మానేయకుండా ఉంటే, అర్థమైనట్టు. లేకపోతే లేదు."

ఆ వారం నాకు నరకం. పాస్ అవుతానా లేదా అన్నది ఒక ఎత్తు, ఇంట్లో నోరు కట్టేసుకోవడం ఇంకో ఎత్తు. బాపు రోజూ అలిగి కూర్చునేవాడు. "ఇన్నేండ్ల సంది పక్కపక్క సాంచెల మీదున్నం. వానికి ఎర్ర చీరల ఆర్డర్ ఇచ్చి నాకియ్యడా మా సాంచెల శేఠు? నువ్వన్న చెప్పవేందె, నీతోనే గదా సైగలు జేసిండట!" అమ్మ వెనక నుంచి ఎగదోసేది. మా ఇంట్లో పుట్టి ఒక మాట కడుపులో దాచుకోవడమంటే ఎంత కష్టమో చెప్పలేను. నాలుక చివరిదాకా వచ్చేది. అన్నం ముద్దతో పాటు మింగేదాన్ని.

వారం తర్వాత మామ వచ్చాడు. ఫోను పెట్టాను. మేడమ్ అడిగినవి నేను చేత్తో అడిగాను, ఆయన చేత్తో చెప్పాడు. పరిగడుపున, అన్నీ ఒక్కసారే, చాయ్ తర్వాతే. మొదటి పొద్దు బొట్టు తాకి, పలక వెనక చిటికెన వేలు చూపి, గుండె పట్టుకుని వెనక్కి పడబోయినట్టు చేశాడు. అప్పుడు నా వైపు చూపించి, నువ్వు చెప్పావు కదా అని, చెయ్యి దులిపేసి నిలబడ్డాడు. సారు కూడా నవ్వాడు. మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆయనకు అంతా అర్థమైంది, వెనకవాళ్లకు ఒక్క ముక్క తెలియలేదు," అంది. "పాస్."

నేనొక్క అరుపు అరిచాను. సాంచెలు నడుస్తుండగా ఆ అరుపు రోడ్డు అవతలి చాయ్ బండికి వినపడిందట. శేఠ్ చెవిలోంచి దూది ఊడిపడింది. ఇంకో ఏడాది సాయంత్రాలు ఇస్తానని ఆయన అప్పుడే ఒప్పుకున్నాడు, నేను మళ్లీ అరవకుండా ఉంటే.

రెండో ఏడాది ఆసుపత్రి వార్డుల్లో తిరగడం మొదలుపెట్టాక, ఒక ఆదివారం బాపు, నేను దుకాణం ముందు నిలబడి ఉన్నాం. మామ రోడ్డు అవతల నుంచే రెండు పిడికిళ్లూ తిప్పాడు. కత్తెర ఆడించాడు. వద్దని చెయ్యి ఊపలేదు. భీము దిగిపోయింది. డాక్టరు మందులు ఆపేశాడన్నమాట. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆర్డర్ అయిపోయినట్టున్నది," అన్నాడు బాపు, ఇంకా ఆ అలక పోక.

మామ వచ్చి బాపు భుజం మీద చెయ్యేసి, సాంచె గొంతుతో, రోడ్డంతా వినేలా, అంతా తనే చెప్పేశాడు. గడ్డ, రోగం పేరు, ఆర్నెల్ల మందు, గదిలోంచి వెళ్లగొడతారేమోనని పడ్డ భయం. బాపు నోరు తెరిచి విన్నాడు. ముందు మామను ఒక్కటి వీపు మీద చరిచాడు, నాకెందుకు చెప్పలేదురా అని. తర్వాత నా వైపు తిరిగాడు.

"నీకు ఎరుకనా?"

తలూపాను.

"మొదటి సంది ఎరుకనా?"

మళ్లీ తలూపాను.

బాపు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "మనింట్ల పుట్టి ఇన్ని దినాలు నోరెట్ల ఆపినవే బిడ్డా!"

"గదే గద బాపూ నేను చదివింది!" అన్నాను. గట్టిగానే అన్నాను, లేకపోతే ఆయనకు వినపడదు.